నడిబొంతలో అవ్వ ముడి

సోలాపురం,
ఆదివారం పొద్దున.

నాయనకు, అమ్మకు మీ పెద్దబిడ్డ గోవిందమ్మ దండాలు పెట్టి రాసేది.

ఇక్కడ నేను, మీ అల్లుడు, చంటిది మంచిగా ఉన్నాం. అక్కడ నువ్వు, అమ్మ, పెద్దనాయన, పెద్దమ్మ, తమ్ముళ్ళిద్దరూ, బాలింత అయిన మన చెల్లె లచ్చుమి, దాని ఒళ్ళోని కొత్త పాప అందరూ మంచిగా ఉన్నారనుకుంటాను. ఇంతకు ముందు ఉత్తరాలన్నీ మీ అల్లుడు రాసేవాడు. మొదట్లోనే 'ఉభయకుశలోపరి' అని ఒక బారెడు మాట పెట్టేవాడు. ఆ మాట రాయడం నాకింకా రాదు. కాబట్టి మంచిగున్నాం అని రాశాను, రెండూ ఒకటేనట.

అవును నాయనా, ఇది నా చేత్తో నేను రాస్తున్న ఉత్తరం. మా వాడంతా తెలుగువాళ్ళే, సాలెవాళ్ళు ఎక్కువ. అందులో ఒకామె ఆదివారం పగటి పూట ఆడవాళ్ళను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దిస్తుంది. ముందు ఇసుకలో రాయించింది, తర్వాత పలక మీద. అక్షరాలు ఆలుగడ్డల్లా దొర్లిపోతున్నాయి, పంతులుగారు నవ్వితే నవ్వనీ. పంతులుగారూ, ఇది మీరు మా ఇంటి అరుగు మీద కూర్చుని అందరి ముందు గట్టిగా చదువుతారని నాకు తెలుసు. ఎక్కడా గొంతు తగ్గించవద్దు, ఒక్క ముక్క మింగవద్దు. మీకు మా ఇంటి మజ్జిగ మీద ఒట్టు.

నాయనా, నీ ఉత్తరం పోయిన బుధవారం అందింది. లచ్చుమి పాపకు తొట్టెల వచ్చే పున్నమికి పెట్టుకున్నారని తెలిసి సంతోషమైంది. నేను పంపిన అవ్వ బొంత చూసి పెద్దమ్మ గోల చేస్తున్నదని రాశావు. ముండమోసిన చేతి కుట్టు పసిబిడ్డ కింద వేయకూడదంటున్నదని, లచ్చుమి అత్తగారి వాళ్ళకు తెలిస్తే బాగుండదని రాశావు. నువ్వు అడిగింది ఒక్క మాట. ఆ బొంత నేనే కుట్టాను, చివరి ముడి నేనే వేశాను అని రాసి పంపితే చాలు, పంతులు చదువుతాడు, అందరూ ఊరుకుంటారు, బొంత తొట్టెలలో పడుతుంది అన్నావు.

ఆ మాట నేను రాయను.

కోపం తెచ్చుకోకు. లేచి పోకు కూడా. నేను చిన్నప్పుడు నీకు ఎదురు చెప్పినదాన్ని కాను, నీకు తెలుసు. ఎందుకు రాయనో చెబుతాను, ఆఖరుదాకా విను.

ముందు ఇక్కడి సంగతులు చెబుతాను, లేకపోతే అమ్మ మనసు నిలవదు. అమ్మా, నా గురించి పరేషాన్ కావద్దు. తిండికి ఏం తక్కువ లేదు. ఇక్కడా జొన్నరొట్టే. వేరుశనగపప్పు దంచి వెల్లుల్లి కారం కలిపి పొడి చేస్తారు, మన చింతపండు పచ్చడంత రుచి రాదు గానీ రొట్టెలోకి పోతుంది. ఎండలు మన దిక్కు ఎండలే. నీళ్ళు కొళాయికి వస్తాయి, కొళాయి దగ్గర పోట్లాటలు మన బావి దగ్గరి పోట్లాటల కంటే పెద్దవి, అవి అయ్యేది మరాఠీలో. మొదట్లో తిట్టు ఏదో మంచి ఏదో తెలియక అన్నిటికీ నవ్వేదాన్ని. ఇప్పుడు తిరిగి అంటున్నాను.

మిల్లులో ఒక్కో పనికి ఒక్కో ఖాతా, మీ అల్లుడు మగ్గాల ఖాతాలో, నేను నూలు కండెలు చుట్టే ఖాతాలో. నూలు దుమ్ముకు తలంతా ముసలిదానిలా తెల్లబడుతుంది, స్నానం చేస్తే పోతుంది, ఏం బెంగ పడొద్దు. చంటిదాన్ని పక్కింటి ముసలమ్మ చూస్తుంది. యుద్ధం వల్ల బట్టకు కరువు వచ్చింది. పొద్దంతా నూలు మధ్య ఉంటాం, ఒంటి మీదికి గుడ్డ దొరకదు. చినిగిన చీర పారేసేవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. అప్పుడప్పుడు అవ్వ ఉంటే ఎంత మురిసేదో అనుకుంటాను. ఆమె ఏనాడూ గుడ్డముక్క పారేయలేదు కదా. గుబులు మాత్రం పోదు నాయనా. మిల్లు కూత పెడితే ఒక్కోసారి మన దొడ్లో దూడ అరిచినట్టుంటుంది, లేచి పోబోతాను.

ఇక అవ్వ సంగతి.

నాకు తెలివి వచ్చినప్పటి నుంచి అవ్వ చేతులు ఖాళీగా ఉండగా చూడలేదు. పొలం పని అయిపోయాక అందరూ నడుం వాల్చితే ఆమె గోడకు ఆనుకుని ఏదో ఒకటి ముందు వేసుకునేది. కుండ కింద పెట్టే కుదురుకు గవ్వలు కుట్టేది. ఉట్టి అల్లితే అడుగున చిలకల వరస వచ్చేది. ఎర్రమట్టి జాజు, సున్నం కలిపి వసారా గోడ మీద జొన్నకంకులు దించేది, నిజం కంకులని పిచ్చుకలు వచ్చి పొడిచేవి. ఏరువాక పున్నమికి మన ఎద్దులకు ఆమె కట్టిన కుచ్చులు చూసి ఊరి రైతులంతా తమ ఎద్దులకూ చేయించుకున్నారు. ఎద్దుల కొమ్ములకు అవ్వ చేసినవి కట్టవచ్చు. మనుషులకు తగిలే కీడు ఎద్దులకు తగలదు కాబోలు, పాపం వాటికి పంచాంగం తెలియదు.

వీటన్నిటిలోకీ ఆమెకు ప్రాణం బొంతలు. నువ్వు గద్వాల సంతకు పోయినప్పుడు అందరూ బెల్లం తెమ్మనీ గాజులు తెమ్మనీ అడిగితే, అవ్వ మగ్గాల ఇండ్లలో మిగిలిన నూలు పోగులు తెమ్మనేది. అమరచింతలో దర్జీ మదార్ సాబ్ కత్తిరింపు ముక్కలన్నీ ఒక సంచిలో వేసి ఆమె కోసం దాచేవాడు. ఒకసారి నేను కూడా పోయాను. ఆయన సంచి అవ్వ చేతికిస్తూ, "పెద్దమ్మా, నేను కోట్లు కుడ్త, చినిగిపోతయి. నువ్వు చినిగినవి కుడ్తవు, చినుగయి" అన్నాడు. దారి పొడుగునా అవ్వ ఆ మాటే తలచుకుని నవ్వింది. ఆమె పనిని ఆమె ఎదుటే ఒకరు మెచ్చుకోవడం నేను విన్నది ఆ ఒక్కసారే.

ఆమెది ఎడమచేతి వాటం. బొంత అంచు దగ్గర కుట్టు మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ తిరుగుతూ నడిమికి చేరాలి, ఆఖరి ముడి నడిబొంతలో పడాలి. అందరి బొంతల్లోనూ కుట్టు గుడి చుట్టూ మనం తిరిగే వైపే తిరుగుతుంది. అవ్వది ఎడమచేయి కాబట్టి ఆమె కుట్టు దానికి ఎదురుగా పోయేది. నేను ఆమెకు ఎదురుగా కూర్చుని, అద్దంలో చూసినట్టు నేర్చుకున్నాను. అందుకని నాది కుడి చుట్టే వచ్చింది. ఈ సంగతి గుర్తుపెట్టుకో నాయనా, మళ్ళీ పనిపడుతుంది.

ఇప్పుడు ముడి ఆచారం. ఇది మన ఇంట్లో ఎట్లా వచ్చిందో అమ్మ నాకు చెప్పింది. పెద్దమ్మకు పెళ్ళయిన చాలా ఏండ్లకు గానీ కడుపు పండలేదు. పుట్టిన ఆడపిల్ల రెండు నెలలకే జ్వరం వచ్చి పోయింది. ఆ పిల్ల కింద అవ్వ కుట్టిన బొంత ఉన్నది. చూడవచ్చిన వాళ్ళెవరో ఆ మాట అన్నారు. అంతే. అప్పటి నుంచి మంచి పనులకు అవ్వ బొంత కుట్టాలంటే ఒక కట్టడి పెట్టారు. పదిహేను రోజులు కూర్చుని మొత్తం ఆమే కుడుతుంది. నడిమికి వచ్చాక జానెడు దారం, సూది అట్లాగే వదిలేస్తుంది. పెద్దమ్మ వచ్చి బొట్టు పెట్టుకుని ఆఖరి ముడి వేస్తుంది. ముడి వేసినామెదే బొంత. సొమ్మొకరిది, సోకొకరిది. ఇది చూసి ఊళ్ళో మిగతా ఇండ్లవాళ్ళూ మొదలుపెట్టారు. పెండ్లికి, తొట్టెలకు, గృహప్రవేశానికి అవ్వ చేత కుట్టించుకోవడం, ఇంటి ముత్తైదువ ముడి వేయడం. అమరచింత నుంచి అటు వడ్డేపల్లి దాకా ఎన్ని ఇండ్లలో జనం అవ్వ కుట్టు కప్పుకుని పడుకుంటున్నారో, ఎవరికీ ఆమె పేరు తెలియదు.

నాకు ఏడేండ్లప్పుడు పెద్దమ్మ చిన్నకొడుకు తొట్టెల జరిగింది. నీకు గుర్తున్నదని నాకు తెలుసు. పెద్దమ్మ పుట్టింటివాళ్ళు బండ్లు కట్టుకుని వచ్చారు. ఆడవాళ్ళంతా తొట్టెల చుట్టూ చేరి బొంతను తడిమి తడిమి పెద్దమ్మ చేతిని మెచ్చుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండింది. పదిహేను రోజులు సూదికి దారం ఎక్కించి ఇచ్చింది నేను కదా. ఆమె కాదు, మా అవ్వ కుట్టింది అని గట్టిగా అరిచాను.

బొంత మీద చేయి పెట్టిన ఒకామె నిప్పు తగిలినట్టు చేయి తీసుకున్నది. అవ్వ కొట్టం దగ్గర కూర్చుని ఉన్నది, ఆమె ఆ వేళ లోపలికి రాకూడదు కదా. పెద్దమ్మ తొట్టెల దగ్గరి నుంచే పిలిచింది.

"అత్తా, జర ఇట్ల రా. గీ బొంతల నువ్వు సూది పెట్టినవా?"

అవ్వ వాకిట్లో నిలబడింది. ఎడమచేయి కొంగులో చుట్టుకున్నది. సూది గుచ్చుకుని ఆ వేళ్ళు ఎట్లా ఉండేవో నాకు తెలుసు.

"నేనేడ పెడ్తనమ్మా. నాకు కండ్లే కానొస్తలేవు. పోరి గట్లనే అంటది."

అప్పుడు నువ్వు తొట్టెల తాడు దూలానికి కట్టి, దాన్ని పట్టుకుని నిలబడి ఉన్నావు నాయనా. నీ మొహం నేను చూశాను. నువ్వు తాడు వైపే చూస్తూ ఉండిపోయావు. నేను నిన్ను తప్పు పట్టడం లేదు. నేను కూడా ఆ తర్వాత పద్దెనిమిదేండ్లు నోరు మూసుకునే ఉన్నాను. నా పెండ్లికి అవ్వ కుట్టిన బొంతకు పెద్దమ్మ ముడి వేస్తుంటే, తలంబ్రాల చీర కట్టుకుని తల వంచుకుని కూర్చున్నదాన్ని.

తొట్టెల నాడు సాయంత్రం నేను అవ్వతో అలిగి అన్నం తినలేదు. ఎందుకు అబద్ధం ఆడినావని అడిగాను. ఆమె నన్ను ఒళ్ళోకి లాక్కున్నది.

"ఆడకపోతే బొంత దిబ్బల పడ్తుండె బిడ్డా. పోరడు సలికి వణుక్కుంట పండుతుండె. పేరు కప్పుకుంటే సలి పోదు. బొంత కప్పుకుంటే పోతది."

ఆ మాట నాకు చాలా నచ్చింది. అవ్వ ఎంత మంచిదో, పేరు కూడా వద్దనుకున్నది అని ఇన్నాళ్ళూ పదిమందికీ చెప్పుకున్నాను. ఆ మాట చాటున మనమందరం హాయిగా ఉన్నాం నాయనా. ఆమె వద్దన్నది కదా, ఇక మనం ఇవ్వాల్సిన పని లేదు.

పోయిన ఏడాది మిరప కోతలప్పుడు అవ్వ పోయిందని కబురు వస్తే, నేను రైల్లో రాయచూరు దాకా, అక్కడి నుంచి బండిలో వచ్చేసరికి తొమ్మిదో రోజు. అప్పటికే పెద్దమ్మ అవ్వ గుడ్డలన్నీ చాకలికి ఇచ్చేసింది, అది ఆచారమే, కాదనను. నేను తిరిగి వచ్చేనాడు అమ్మ జొన్నల గుమ్మి వెనక నుంచి చిన్న మూట తీసి నా సంచిలో పెట్టింది. "అవ్వ కుడుతుండె. అయిందో లేదో తెల్వదు. తీస్కపో, ఈడుంటే పోతది" అన్నది. అమ్మా, ఈ మాట రాశానని కోపం తెచ్చుకోకు. నువ్వు చేసిన మంచి పని కూడా గుమ్మి వెనకే ఎందుకు ఉండాలి?

ఇక్కడికి వచ్చాక చాలా రోజులు ఆ మూట విప్పలేకపోయాను. విప్పితే అవ్వ వాసన పోతుందేమో అనిపించింది. ఒక ఆదివారం నాతో పనిచేసే తానుబాయి వచ్చింది. మరాఠీ ఆమె, మొగుడు పోయినామె, బొంతలు కుట్టి అమ్ముతుంది. ఆమె దగ్గర తొట్టెల బొంతలు కావాలని బాలింతల తల్లులు ఇంటికి వచ్చి అడుగుతారు. తానుబాయి బొంతే కావాలని పేరు పెట్టి అడుగుతారు. ఎవరి పిల్లలకూ ఏమీ కాలేదు. ఆమె ఉన్నప్పుడు నేను ధైర్యం చేసి మూట విప్పాను.

తొట్టెలంత చిన్న బొంత. తానుబాయి దాన్ని నేల మీద పరిచి, అంచు నుంచి కుట్టు వెంట వేలు పెట్టి తిప్పుకుంటూ పోయింది. రెండు చుట్లు తిరగగానే తలెత్తి, ఇది కుట్టినామెది ఎడమచేయి అన్నది. నాకు ఏడుపు ఆగలేదు. అవ్వను ఏనాడూ చూడని మనిషి, ఆమె భాష తెలియని మనిషి, గుడ్డ మీద వేలు పెట్టి ఆమెను గుర్తుపట్టింది. మన ఊరిలో ఎవరూ గుర్తుపట్టనట్టే ఉన్నారు ఇన్నేండ్లు.

ఆమె వేలు నడిమికి చేరింది. నేను అక్కడ జానెడు దారం వదిలేసి ఉంటుందనుకున్నాను. నేను ముడి వేద్దామని సూది కూడా సిద్ధం చేసుకున్నాను. దారం లేదు. ముడి పడి ఉన్నది. ఒకటి కాదు, మూడు ముళ్ళు, ఒకదాని మీద ఒకటి, గట్టిగా. వాటి మీద ఎర్రటి గుడ్డముక్క ఒకటి పెట్టి చుట్టూ సన్నగా కుట్టింది. ఆ గుడ్డ నేను ఒకసారి చూశాను. అది అవ్వ పెండ్లిచీర కొంగు. నాకు పెండ్లి కుదిరిన రోజుల్లో తన సంచి అడుగు నుంచి తీసి చూపించింది. తాను పోయినప్పుడు తన మీద కప్పమని అడుగుదామనుకున్నాననీ, ఎట్లాగూ కప్పరు కాబట్టి అడగననీ అన్నది. అడగలేదు. తీసుకొచ్చి నడిబొంతలో పెట్టింది.

పేరు కప్పుకుంటే చలి పోదన్న మనిషి, నాయనా, ఆఖరికి ఎవరినీ పిలవకుండా, ఎవరికీ చెప్పకుండా ముడి తానే వేసుకున్నది. ఆమెకు పేరు అక్కరలేదని మనం ఎట్లా అనగలం? ఆ ముడి నాది అని నన్ను రాయమంటున్నావు. పెద్దమ్మ అయితే అవ్వ వదిలిన దారానికి ముడి వేసింది. నేను అవ్వ వేసిన ముడిని దొంగిలించాలి. అది నా వల్ల కాదు.

పెద్దమ్మా, ఇది నీకు. నువ్వు చెడ్డదానివని నేను ఎన్నడూ అనుకోలేదు. నాకు అమ్మోరు పోసినప్పుడు వేపమండలు పట్టుకుని ఇరవై రోజులు నా పక్కన ఉన్నది నువ్వే. నీ బిడ్డ పోయింది, ఆ భయం ఏందో తల్లినయ్యాక నాకు తెలిసింది. నీ ముడి వల్లే తర్వాతి కొడుకులిద్దరూ నిలిచారని నువ్వు నమ్ముతున్నావు. ఒక్కటి చెప్పు. ముడి నీది, ఒకటే. ఆ ముడి దాకా వచ్చిన వేల కుట్లు ఎవరివి? పిల్లలు ముడి మీద పడుకుంటారా, బొంత మీద పడుకుంటారా? వాళ్ళ మీద అవ్వ చేయి ఏడాది పొడుగునా ఉన్నది. ఇప్పుడు ఇద్దరూ దుక్కి దున్నుతున్నారు, పూటకు నాలుగు రొట్టెలు తింటున్నారు. అవ్వ చేతికి కీడు ఉంటే, జానెడు దారంతో అది ఆగేదా?

ఇంకొకటి కూడా చెబుతాను, తిట్టుకుంటే తిట్టుకో. ఈ బొంత పంపే ముందు నలభై రోజులు నా బిడ్డను దాని మీద పడుకోబెట్టాను. అవ్వ ముడి సరిగ్గా దాని వీపు కిందికి వచ్చేట్టు వేశాను. లచ్చుమి బిడ్డకు పంపేది ముందు నా బిడ్డకు వేసి చూడకుండా ఎట్లా పంపుతాను? దానికి ఏమీ కాలేదు. రెండు పండ్లు వచ్చాయి. ఒక కుండ పగలగొట్టింది. పక్కింటి ముసలమ్మ వేలు కొరికింది.

లచ్చుమి అత్తగారి వాళ్ళు ఏమంటారో అని మీ భయం. వాళ్ళది వడ్డేపల్లి దిక్కే కదా. వాళ్ళ ఇంట్లో పెద్దపెట్టెలో ఒక పెండ్లి బొంత ఉన్నది, నల్ల అంచుది. నేను లచ్చుమి పెండ్లికి వచ్చినప్పుడు చూశాను. దాన్ని ఎండలో పరిచి కుట్టు వెంట వేలు పెట్టి తిప్పమను. ఏ వైపు తిరుగుతుందో చూడమను. మన వాడలో కూడా ఒక్కొక్క ఇంట్లో బొంతలు బయటికి తీయండి. ఎడమ చుట్టు ఉన్నవన్నీ మా అవ్వవి. ముండమోసిన చేతి కుట్టు తొట్టెలలో ఉండకూడదంటే, ఊళ్ళో సగం తొట్టెలలు ఖాళీ చేయాలి, సగం మంది మంచాలు దిగాలి. మొదలు మన ఇంటి నుంచే పెట్టుకుందాం, నాకేం అభ్యంతరం లేదు.

నాయనా, ఇది రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. నువ్వు తొట్టెలలో ఉండగానే తాత పోయాడు. నీకు మూడు నెలలట. ఆ చలికాలం అవ్వకు ఎవరూ గుడ్డముక్క ఇవ్వలేదట. తాత ధోవతి చింపి, పొరలు పేర్చి, ఏడ్చుకుంటూ నీకు బొంత కుట్టుకున్నదట. అవ్వ కుట్టిన మొదటి బొంత అది. అప్పుడు ముడి వేయడానికి ఏ ముత్తైదువా రాలేదు, ఆమే వేసుకున్నది. ముండమోసినామె కుట్టి, ముండమోసినామె ముడివేసిన బొంతలో పెరిగిన బిడ్డవు నువ్వు. నువ్వు బతికావు. నీ బిడ్డ నీకు ఉత్తరం రాస్తున్నది. ఇంతకంటే సాక్ష్యం ఎవరు చెప్పగలరు?

తొట్టెలకు నేను వస్తున్నాను. నాలుగు రోజులు సెలవు అడిగితే మిల్లులో మా మీద ఉండే ముకద్దం ఇవ్వనన్నాడు. తిరిగి వచ్చేసరికి నా జాగాలో ఇంకొకరిని పెడతానన్నాడు. పెట్టుకోమన్నాను. మీ అల్లుడు మొదట గొణిగాడు గానీ, తర్వాత తానే పోయి రాయచూరు బండి వేళ కనుక్కొని వచ్చాడు. తొట్టెలలో ఆ బొంత ఉంటే పాపను నా చేతుల మీద పడుకోబెడతాను. లేకపోతే మన ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టను, బొంత తీసుకుని వచ్చిన బండిలోనే తిరిగిపోతాను. చాకలికి మాత్రం ఇవ్వవద్దు.

అమ్మా, కొర్రలు కొన్ని, చింతపండు కొంచెం కట్టి ఉంచు. మదార్ సాబ్ దగ్గర కత్తిరింపు ముక్కలు ఉంటే ఒక సంచి తెప్పించు, అవ్వ మనుమరాలు అడిగిందని చెబితే ఇస్తాడు. లచ్చుమిని చల్లటి నీళ్ళు తాగనివ్వకు. పెద్దనాయనకు, పెద్దమ్మకు కాళ్ళు మొక్కానని చెప్పు. పెద్దమ్మ తిట్టినా ఆ కాళ్ళు మొక్కుతాను, అది వేరు ఇది వేరు. తమ్ముళ్ళను అడిగానని చెప్పు. మదార్ సాబ్‌కు సలాం. మీ అల్లుడు మీ అందరికీ దండాలు చెప్పమన్నాడు. నీ దీవెన నాకు ఉండాలి నాయనా. ఎదురు చెప్పిన బిడ్డకు దీవెన ఇంకా ఎక్కువ కావాలి.

నువ్వు అడిగిన ఒక్క మాట కింద రాస్తున్నాను. పంతులుగారూ, ఇది రెండుసార్లు చదవండి.

ఈ బొంత కుట్టింది మా అవ్వ సవారమ్మ. నడిబొంతలో ముడి వేసింది కూడా ఆమే.

ఇట్లు,
సవారమ్మ మనుమరాలు,
మీ బిడ్డ గోవిందమ్మ.
ఉత్తరం నాదే, చేవ్రాలు నాదే.